నీలం తేలని కాగితం

టకానిని,
4 జూలై 2016

సిరీ,

నీ ఉత్తరంలో ఒక తప్పుంది, ముందు అది దిద్దుతాను. "ఎంజైముల సంగతి నాకు తెలియదని నువ్వే అన్నావు కదా నాన్నమ్మా" అని రాశావు. నేనలా అనలేదు. తుప్పు ఎంజైము పని చేస్తుందంటే నమ్మనన్నాను. ముప్పైనాలుగేళ్ళు కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. తెలియకపోవడం వేరు, నమ్మకపోవడం వేరు.

రెండోసారి చదివాక కొంచెం నమ్ముతున్నాను. వెంట్రుక మందాన్ని కొన్ని వేల చీలికలు చేస్తే ఒక చీలికంత ఉండే ఇనుప రేణువులు. ఏదో ఘాటు ముల్లంగి దుంపలోంచి తీసే ఎంజైము చేసే పనినే అవీ చేస్తాయి. ఆ ఎంజైము ఫ్రిజ్జు బయట చెడిపోతుంది, ఇనుము చెడదు. అంటే అసలు గుమాస్తా సెలవు పెడితే అవే పోలికలున్నవాణ్ణి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారన్నమాట. మన ఆఫీసుల్లో ఇది ఎప్పట్నుంచో ఉన్నదే. నానో అని పేరు పెట్టి పీహెచ్‌డీలు ఇవ్వలేదంతే.

ఇక్కడ వాన. మీ నాన్న రైలు అందుకోవడానికి గొడుగుతో పరుగెత్తి, గొడుగు ఎగిరిపోయి, తడిసిన పిల్లిలా ఆఫీసుకు వెళ్తున్నాడు. మీ అమ్మకు వృద్ధాశ్రమంలో పగలు డ్యూటీ. అక్కడి ముసలివాళ్ళను నవ్వుతూ చూసుకుని, మిగిలిన విసుగు ఇంటి ముసలిదానికి పట్టుకొస్తుంది. మీ అక్క వచ్చి మూడు వారాలైంది. సరి నెలలో కడుపుతో ఉన్న పిల్ల ప్రయాణం చెయ్యకూడదని, ఆరో నెల రాకముందే వెల్లింగ్టన్ నుంచి బయల్దేరదీశాను. లోకేశ్ ఫోనులో "ఇంత తొందరెందుకు మామ్మగారూ" అని గొణిగాడు. అల్లుళ్ళు గొణగడానికే పుట్టారు. కీర్తన తింటుంది, నీళ్ళు తాగుతుంది, పడుకుంటుంది. వెల్లింగ్టన్ మిడ్‌వైఫ్ ఇచ్చిన ల్యాబు ఫారం ఒకటి హ్యాండ్‌బ్యాగులో నాలుగు మడతలు పెట్టి దాచుకుంది. ఇక్కడ కొత్త మిడ్‌వైఫ్‌ను ఇంకా చూసుకోలేదు.

అసలు సంగతి. మీ ల్యాబులో నువ్వు చేస్తున్నానన్నావే, చక్కెర ఉంటే నీలమయ్యే ఆ కాగితాలు ఒక పది పంపు. ఇంట్లో ఒక మనిషికి చూడాలి. ఎవరికని అడగకు. ఫోను చెయ్యకు. నా చెవులకు స్పీకరు పెడితేగాని వినపడదు, స్పీకరు పెడితే వీధంతా వింటుంది. ఉత్తరమే రాయి, తెలుగులోనే రాయి. పదకొండో ఏట ఈ దేశం వచ్చినదానివి, అక్షరాలు మరిచిపోయే వయసేం కాదు.

నాకు భయంగా ఉంది. కారణం ఉందో లేదో ఆ కాగితం చెప్పాలి.

మీ నాన్నమ్మ
రమామణి


డునెడిన్,
9 జూలై

నాన్నమ్మా,

నీ లెటర్ చదివి ముందు నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. నువ్వు భయంగా ఉందని రాయడం నేనెప్పుడూ చూడలేదు. "ఎవరికని అడగకు" అంటే ఎవరికో నాకర్థమైంది. డెబ్బైరెండేళ్ళకు కొంచెం షుగర్ ఉంటే అది ప్రపంచం మునిగిపోయే విషయం కాదు. మా ఫ్లాట్ ఓనరు నాన్నగారికి ఎనభై, ఇరవై ఏళ్ళుగా షుగరే, రోజూ కొండెక్కి దిగుతాడు.

పది పంపుతున్నాను. కానీ ఇవి మనుషులకు వాడేవి కావు, ల్యాబ్ దాటి రాకూడదు కూడా. ప్రొఫెసర్‌కి తెలిస్తే నా పని అయిపోతుంది. నీకోసం చేస్తున్నాను, ఎవరికీ చెప్పకు.

వాడే పద్ధతి: యూరిన్ ఒక చుక్క, ఐదు నిమిషాలు. గ్లూకోజు ఉంటే కాగితంలోని ఒక ఎంజైము దానితో పెరాక్సైడు పుట్టిస్తుంది. ఆ సగం పని ఇంకా అసలు గుమాస్తాదే! తర్వాత మా ఇనుప రేణువులు ఆ పెరాక్సైడుతో, కాగితంలో ఉన్న రంగులేని మందును నీలం చేస్తాయి. గ్లూకోజు ఎంత ఎక్కువైతే నీలం అంత ముదురు. డబ్బా చల్లగా ఉంచు.

తెల్లగా ఉంటే హాయిగా ఉండు. నీలమొస్తే అమ్మకు చెప్పు, డాక్టర్ దగ్గరికి వెళ్ళు, మొండికెయ్యకు.

ఇక్కడ పొద్దున్నే రోడ్డుమీద మంచు గడ్డకట్టింది. రెండుసార్లు జారిపడ్డాను, రెండుసార్లూ ఎవరూ చూడలేదు.

ప్రేమతో
సిరి


టకానిని,
18 జూలై

పిచ్చిపిల్లా,

నాకు షుగరని నీకెవరు చెప్పారు? నేను రోజూ రెండు మైళ్ళు నడుస్తాను. కొత్త కాలనీలో ఇళ్ళన్నీ ఒకేలా కట్టి చచ్చారు కాబట్టి ఒక్కోసారి మూడు. అడగకు అన్నానుగాని, నీ అంతట నువ్వే తేల్చేసుకోమనలేదు.

కాగితాలు కీర్తనకి. నిన్నటిదాకా చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నానంటే గండం గడిచిందని.

వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను. జగ్గుడు నీళ్ళు పొద్దున్నే ఖాళీ. మళ్ళీ నింపితే మధ్యాహ్నానికి ఖాళీ. గంటకోసారి బాత్రూము. కడుపుతో ఉన్నవాళ్ళు వెళ్తారు, నాకూ తెలుసు, కానీ నాలుక పిడచగట్టుకుపోతోందని ఇంత అనరు. ఇక్కడి చలికి చీమలైనా బయటికి రావు, వాటిని చూసి తెలుసుకుందామంటే.

ఆ హ్యాండ్‌బ్యాగులో ఫారం దీనికే. గ్లూకోజు నీళ్ళు తాగించి రక్తం తీసే పరీక్ష. వెళ్ళవే అంటే వినదు. దాని భయం నీకు తెలియంది కాదు. పోయినేడు నవ్వుతూ స్కానింగుకు వెళ్ళింది, బిడ్డ గుండె ఆగిందని విని బయటికొచ్చింది. అప్పట్నుంచి పరీక్ష అనే మాట వింటే దాని చేతులు చల్లబడతాయి. మీ అమ్మకు చెబితే ఇల్లంతా ఏకం చేస్తుంది, లోకేశ్‌కు ఫోను, వాళ్ళమ్మకు ఫోను. ఇది పెట్టె సర్దుకుని వెల్లింగ్టన్ పోతుంది. అందుకే నీ కాగితాలు.

పద్ధతిగానే చేశాను. ముందు ఉత్త నీళ్ళతో ఒకటి, తెలుపు. తర్వాత ఇండియన్ షాపులో తెచ్చిన గ్లూకోజు పొడి కలిపిన నీళ్ళతో ఒకటి. ఓరి దేవుడా, అంత నీలం! కళ్ళతో చూశాక నీ తుప్పుకు నమస్కారం పెట్టాను. తర్వాత కీర్తనను ఒప్పించాను, "సూది లేదు, ల్యాబు లేదు, మీ చెల్లెలు చేసిన కాగితం" అని. మూడు రోజులు, మూడు కాగితాలు. మూడూ తెలుపు. మల్లెపువ్వంత తెలుపు.

మూడో రోజు అది నవ్విందే సిరీ. వచ్చాక మొదటిసారి. "నాన్నమ్మా, నువ్వు చెప్తే నాకు చాలు" అని ఆ ఫారం నా ఎదురుగానే చింపి చెత్తబుట్టలో వేసింది. వద్దనాలనిపించింది. ఆ నవ్వు చూసి అనలేకపోయాను.

ఇప్పుడు దాని సేవ హాయిగా చేస్తున్నాను. వచ్చిన వారానికే ఐరన్ మాత్రలకు విరేచనం కాక అవస్థ పడుతుంటే మోటార్‌వే పక్కన అమ్మే కివీ పండ్లు పెట్టెడు తెప్పించాను. అప్పట్నుంచీ పూటకు రెండు చొప్పున రోజుకు ఆరు. మధ్యలో నోరు చేదంటే ఎండు ఉసిరి ముక్కలు. పరగడుపున ఉసిరి రసం. మందులకంటే ఇవే నయం.

నీ చదువు ఒక ఇంటికి పనికొచ్చింది. మీ ప్రొఫెసర్‌తో చెప్పనులే.

నాన్నమ్మ


డునెడిన్,
21 జూలై

నాన్నమ్మా,

ఇది ఫాస్ట్‌పోస్ట్‌లో వేస్తున్నాను, పోస్టాఫీసులోనే నిలబడి రాస్తున్నాను. రైటింగ్ బాగోలేదు, తిట్టకు.

అది నీకే అనుకున్నాను. అక్కకని తెలిస్తే ఒక్క కాగితం కూడా పంపేదాన్ని కాదు. "తెల్లగా ఉంటే హాయిగా ఉండు" అని రాసింది నేనే. పొద్దున్నుంచి ఆ లైనే తలచుకుంటున్నాను.

కివీలు. ఉసిరి. నాన్నమ్మా, అదంతా విటమిన్ సి. ఒంటికి కావలసినంత ఉంచుకుని మిగిలింది యూరిన్‌లోకి వస్తుంది. పెరాక్సైడు పుట్టగానే దాన్ని అది తినేస్తుంది, పుట్టిన నీలాన్ని కూడా చెరిపేస్తుంది. మా ల్యాబ్‌లో నాకున్న పెద్ద తలనొప్పే అది. ఏడాదిగా దానిమీదే పని చేస్తున్నాను, ఇంకా సాల్వ్ కాలేదు. షుగర్ లేకపోయినా తెలుపే, షుగర్ ఎంత ఉన్నా తెలుపే. అదీగాక కడుపుతో ఉన్నవాళ్ళకి యూరిన్ చూసి చెప్పకూడదు, రక్తమే చూడాలి.

నిన్న అక్కకి మూడుసార్లు ఫోన్ చేశాను. "నాన్నమ్మ చూసింది, ఐ యామ్ ఫైన్" అని పెట్టేసింది. నాలుగోసారి ఎత్తలేదు. అమ్మకు తెలిస్తే పెట్టె సర్దుకుని పోతుందన్నావని అమ్మకు చెప్పలేదు. నువ్వు చెప్పావు కాబట్టి ఎవరి మాటా వినదు. నువ్వే వెనక్కి తీసుకోవాలి.

నమ్మకపోతే ఇలా చెయ్. అక్క శాంపిల్ తీసుకుని, అందులోనే గ్లూకోజు పొడి అర చెంచా కలుపు. గ్లూకోజు ఉందని మనకు తెలుసు కాబట్టి కాగితం నీలమవ్వాలి. అవ్వకపోతే అది మనతో ఏమీ చెప్పట్లేదన్నమాట.

అక్కకి ఇరవైఐదో వారం నడుస్తోంది. ఆ పరీక్షకి ఇదే టైము. ఆలస్యం చెయ్యకు.

నాకు చాలా భయంగా ఉంది.

సిరి


టకానిని,
26 జూలై

సిరీ,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఇప్పుడు పోస్టుమాన్ వారానికి మూడు రోజులే వస్తున్నాడు, ఆ రోజు వచ్చేరోజు కావడం మన అదృష్టం. పెరట్లో బట్టలారేసే చోట నిలబడి చదివాను. చదివాక చేతిలో క్లిప్పు ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు.

నువ్వు నాకు చెప్పాల్సిన పాఠం కాదే అది. గంజిలో అయోడిన్ వేసి నీలం చేసి, నిమ్మకాయ పిండి ఆ నీలం మాయం చేసేదాన్ని ఏటా క్లాసులో. ఆడపిల్లలు చప్పట్లు కొట్టేవారు. ముప్పైనాలుగేళ్ళు. ఆ చేతులతోనే రోజుకు ఆరు కివీలు వలిచి దానికి పెట్టాను, ఆ చేతులతోనే కాగితం ముంచి తెల్లగా ఉందని సంబరపడ్డాను. పద్ధతిగా చేశానని నీకు గొప్పగా కూడా రాశాను. ఉత్త నీళ్ళలో చూశాను, గ్లూకోజు నీళ్ళలో చూశాను. దాని నీళ్ళలో గ్లూకోజు కలిపి చూడాలని తోచలేదు. మొదటేడాది పిల్ల ఈ తప్పు చేస్తే గుమ్మం బయట నిలబెట్టేదాన్ని.

నువ్వు చెప్పినట్టే చేశాను. అర చెంచా కలిపాను. తెలుపు. ఇంకో చెంచా నిండా కలిపాను. గిన్నె అడుగున పొడి కనిపిస్తోంది, కాగితం తెలుపు. బాత్రూములో కమోడు మూత మీద కూర్చున్నాను. కాసేపటికి కీర్తనను పిలిచాను.

"మళ్ళీనా నాన్నమ్మా? మొన్నే చూశావుగా."

"ఇందులో చెంచాడు గ్లూకోజు కలిపానమ్మా. కాగితం చూడు."

"తెల్లగానే ఉంది."

"అదే నా భయం."

అది గిన్నె అడుగున పొడి వైపు, కాగితం వైపు చూసింది. మొహం మారడం చూస్తూ నిలబడ్డాను.

"అంటే మొన్న లేదని చెప్పింది..."

"కాగితం లేదని చెప్పలేదే. నేను చెప్పాను."

"నువ్వు చెప్పావనే కదా ఫారం చింపాను! లెక్చరర్‌వి కదా నువ్వు!"

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మీ అమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో అంతా విన్నది. అరుస్తుందనుకున్నాను. చెప్పులు కూడా విప్పకుండా నిలబడి, "నేను రోజూ ఇరవైమంది పెద్దవాళ్ళకు షుగర్ చూస్తాను అత్తయ్యా, నాకొక్క మాట చెప్పలేకపోయారా" అంది. అంతే. మీ అమ్మ నన్ను ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు, దేనికీ నొచ్చుకోలేదు. ఈ మాటకు తలెత్తలేకపోయాను.

రెండు రోజులు కీర్తన నాతో మాట్లాడలేదు. శనాదివారాలు, ల్యాబు ఎలాగూ లేదు. కంచం తలుపు దగ్గర పెడితే తీసుకునేది. కివీ పెట్టె గ్యారేజీలో పడేశాను. సోమవారం పొద్దున్న అదే వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"ఊరికే ఇంత భయపడవు నువ్వు. ఏంటి అసలు?"

ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాను. నీకూ చెప్పాలి.

నాకు సుభద్రక్కయ్య అని ఒకతె ఉండేది, ఫొటోలో చూశావు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నేను బీఎస్సీలో చేరిన ఏడు. అక్కయ్య చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది. పెరట్లో స్నానాల దొడ్డి తూము దగ్గర చీమలు బారులు తీరేవి. ఇంట్లో వాళ్ళు పసుపు చల్లి ఊరుకున్నారు. ఆ వారమే కాలేజీ ల్యాబులో మూత్రంలో చక్కెర కనిపెట్టే పరీక్ష నేర్పారు. నీలం ద్రావణంలో వేసి కాస్తే ఇటుకరంగుకు తిరుగుతుంది. నాకు తెలిసింది, సిరీ. చీమల్ని చూశాను, అర్థమైంది. సీసాలో కాస్త పట్టివ్వమని అక్కయ్యను అడగడానికి సిగ్గేసింది. పెళ్ళికాని పిల్లను, ఏం మాట అది అంటారని. బిడ్డ పది పౌన్లు, ఊపిరి లేదు. మూడో రోజు అక్కయ్యా లేదు.

కీర్తన కడుపు మీద చెయ్యి పెట్టుకుని విన్నది. 

"నువ్వెందుకు అడగలేదు?"

"సిగ్గు."

"మరి ఇప్పుడు? నా వెనకాల గిన్నె పట్టుకుని తిరిగావుగా."

"సిగ్గు వయసుతో పోయిందే. భయం పోలేదు."

అది లేచి మీ అమ్మను కేకేసింది, "అమ్మా, నువ్వు డ్యూటీ మార్చుకుంటావా? నాతో రా" అని. నన్ను రమ్మనలేదు. నేనూ అడగలేదు.

ఇద్దరూ వెళ్ళి ఇక్కడి మిడ్‌వైఫ్‌ను చూస్తే కొత్త ఫారం ఇచ్చింది. రాత్రినుంచి ఏమీ తినకుండా శుక్రవారం పొద్దున్నే వెళ్ళాలి. ఈ మధ్యలో రోజులు ఎలా గడుస్తాయో నాకు తెలియదు.

రమామణి


టకానిని,
8 ఆగస్టు

సిరీ,

మీ ప్రొఫెసర్‌తో అంతా చెప్పేశానని, ఆయన తిట్టకుండా కుర్చీ చూపించి "జరిగిందంతా మొదట్నుంచి రాయి" అన్నాడని రాశావు. దాన్ని క్షమించడమని నువ్వనుకుంటున్నావు. కాదు. ఎక్కడ పొరపాటు జరిగిందో అక్కడికి నిన్ను నడిపించి తీసుకెళ్ళడం అది. తిట్టేవాడికంటే అలాంటివాడే గురువు. నా పేరు కూడా రాయి, దాచకు. వయసు కూడా రాయి, రసాయనశాస్త్రం చదివినవాళ్ళు కూడా ఇలా చేస్తారని తెలియాలి.

మీ అమ్మ ఫోనులో చెప్పింది సగమే. మిగతాది చెబుతాను.

ఉంది. పరగడుపున ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ, గ్లూకోజు తాగిన రెండు గంటలకు ఇంకా ఎక్కువ. సాయంత్రానికే ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. తిండి మార్చి చూద్దామనలేదు, సోమవారమే రమ్మని ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఇంకో నెల తెలియకుండా గడిస్తే ఏమయ్యేదని మీ అమ్మ అడిగిందట. డాక్టరమ్మ "ఇప్పుడు తెలిసింది కదా" అందట. ఇక్కడివాళ్ళ మర్యాద నాకు భయం, సిరీ. మనవాళ్ళైతే నెత్తిన కొట్టి చెప్పేవారు, ఎంత ప్రమాదమో తెలిసేది.

స్కానింగుకు మాత్రం కీర్తన నన్ను రమ్మంది. "అమ్మ ఏడుస్తుంది, నువ్వు ఏడవవు" అంది. చీకటి గది. అది తెర వైపు చూడలేదు, నా మొహం వైపు చూస్తూ పడుకుంది, నా మొహంలో చదువుదామని. నా మొహాన్ని నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో ఆ దేవుడికి తెలుసు. తర్వాత గుండె చప్పుడు వినిపించారు. నా చెవులకు స్పీకరు లేకుండా వినపడిన చప్పుడు ఈ మధ్య అదొక్కటే. బిడ్డ పొట్ట కొలత వారాలకు తగ్గదానికంటే కొంచెం పెద్దదిట. కొంచెమంటే ఎంతని అడిగాను. మళ్ళీ రెండు వారాలకు చూస్తామన్నారు.

కాబట్టి భయం పోలేదు. ఇదివరకు ఏమీ తెలియక భయపడ్డాం, ఇప్పుడు అంకెలు చూసి భయపడుతున్నాం. ఈ భయంతో చెయ్యడానికి పనైనా ఉంది. అన్నం గిన్నెతో కొలిచి పెడుతున్నాను. మీ నాన్న ఆఫీసు నుంచి రాగానే దాన్ని వీధి చివరిదాకా నడిపించుకుని వస్తున్నాడు. లోకేశ్ ఉద్యోగానికి సెలవు పెట్టి రేపు వస్తున్నాడు. గొణగనీ.

కీర్తన నాతో మునుపటిలా లేదు. కోపం కాదు. నేను ఏదైనా చెబితే "సరే నాన్నమ్మా" అని మీ అమ్మను కూడా అడుగుతోంది. అడగాల్సిందే. నొప్పిగా ఉంది, కానీ అడగాల్సిందే.

వేలు పొడుచుకుని మీటరులో చూసుకోవడం రోజుకు నాలుగుసార్లు చాలన్నారు. ఇది పదకొండుసార్లు పొడుచుకుంటోంది. పదివేళ్ళూ ఎర్రగా కందిపోయాయి. మానమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. పరీక్షంటే చేతులు చల్లబడే పిల్ల తన చేతుల్ని తానే పొడుచుకుంటుంటే ఏమని ఆపను? పక్కన కూర్చుని అంకె రాసిపెడుతున్నాను, అంతే.

అందుకని మీటరులో పెట్టడానికి ఆస్పత్రి ఇచ్చిన కాగితాలు గురువారానికి అయిపోతాయి. ఇక్కడి మందుల షాపులో ఈ రకం లేవు, తెప్పించేసరికి వచ్చే మంగళవారం అవుతుందన్నారు. నువ్వు శుక్రవారం వస్తున్నావు కదా. విమానం ఎక్కేముందు మీ ఆస్పత్రి దగ్గరి మందుల షాపుకు వెళ్ళు. మీటరు పేరు, నంబరు ఈ ఉత్తరం వెనక రాశాను, ఆ నంబరుదే అడుగు, ఇలాంటిదే ఇంకోటి అంటే తీసుకోకు. యాభై ఉన్న డబ్బాలు రెండు. మూత మీద గడువు తేదీ అక్కడే చదువు. సీలు విప్పకు. పెట్టెలో వెయ్యకు, విమానం అడుగున చలికి పాడవుతాయి. చేతిసంచిలో పెట్టుకో, విమానం దిగి రైలెక్కగానే మీ నాన్నకు ఫోను చెయ్యి, స్టేషనుకు కారు తెస్తాడు.

నాన్నమ్మ